పాడిగేదెను ఇచ్చి పెయ్యను తెచ్చుకుంటే...



పశువుల సంతకు వెళ్లివచ్చే ఇళ్లవారికి ఈ నెల మేము చెప్పబోయే సంగతి తేలికగా అర్థమవుతుంది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గేదె మీ కొట్టంలో ఉందనుకోండి. నాలుగు ఈతలు అయ్యాయి. పక్క ఊరాయన వచ్చి, "నీ గేదెను నాకియ్యి, నా పెయ్యను నువ్వు తోలుకుపో. దీని తల్లి పూటకు ఆరు లీటర్లు ఇచ్చింది, జాతి మంచిది" అంటాడు. పెయ్యను చూస్తే నిజంగానే ముచ్చటగా ఉంటుంది. నడకా బాగుంటుంది, సుడులూ బాగుంటాయి. కానీ అది చూడి కట్టి ఈనేదాకా మేపాలి. అప్పటిదాకా ఇంట్లో పిల్లలకు పాలెక్కడివి? మధ్యలో దానికి జబ్బు చేస్తే? తీరా ఈనాక పూటకు రెండు లీటర్లే ఇస్తే?

ఇవ్వాలా, వద్దా?

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఇదే ప్రశ్న మాకు ఫోనులో వచ్చింది. అడిగినది రైతు కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి దగ్గరలో ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్యగారి అబ్బాయి. "బాబాయ్, ఒక పెద్ద ఆటగాడిని ఇచ్చేసి, ఇంకా పైకి రాని ఒక కుర్రాడిని తీసుకుందామనుకుంటున్నాను. పిన్నిని కూడా అడుగు, ఏమంటుందో" అన్నాడు.

మాకు తల తిరిగిపోయింది. "ఏరా, మనుషులను అమ్మడం కొనడం ఏమిటి?" అని ఇద్దరం ఒక్కసారే అడిగాము. వాడు నవ్వి, ఓపికగా అంతా చెప్పాడు. అది కాగితం మీద ఆడే బేస్‌బాల్ అట. ఫ్యాంటసీ బేస్‌బాల్ అంటారట. విదేశాల్లో పిల్లలున్న మన సంఘాల్లోని పెద్దలు చాలామంది ఈ మాట వినే ఉంటారు. ఆ ఆట ఏమిటో, అందులో ఇలాంటి బేరాలు ఎలా జరుగుతాయో, ఆ ఒక్క బేరం మా అన్నయ్యగారి మనవడి మోచేతిదాకా ఎలా వచ్చిందో ఈ నెల మీతో పంచుకుంటాము.

కాగితం మీద జట్టు

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దాయాది లాంటిది. మనకు బౌలరు ఎలాగో వారికి పిచ్చర్ అలాగ. కాకపోతే అతడు పరుగెత్తుకుంటూ రాడు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, మోచేయి వంచి విసురుతాడు. బంతి గంటకు 150 కిలోమీటర్లు దాటి పోతుంది. అమెరికా, కెనడా దేశాలలో కలిపి పై స్థాయిలో 30 జట్లున్నాయి. మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబరు చివరి వరకు ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే.

1980లో న్యూయార్కులో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, కొందరు మిత్రులు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. వారు కలుసుకునే భోజనశాల పేరు లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్. అందుకే ఆ ఆటకు మొదట రోటిస్సరీ అనే పేరు వచ్చింది. ఒక్కొక్కరు 260 డాలర్ల లెక్కలో వేలం పాడి 23 మంది నిజమైన ఆటగాళ్లను తమ జట్టుగా రాసుకోవాలి. ఆ ఆటగాళ్లు నిజమైన మైదానంలో చేసిన పరుగులు, కొట్టిన కొట్టుళ్లు, గెలిచిన ఆటలు పత్రికలో చూసి ఇక్కడ లెక్క వేసుకోవాలి. ఎవరి లెక్క బాగుంటే వారు గెలిచినట్టు. మైదానంలో అడుగు పెట్టకుండానే జట్టు యజమాని అయిపోవడమన్నమాట. ఇప్పుడు ఆ లెక్కంతా కంప్యూటరే చేసిపెడుతుంది.

మా వాడి గుంపులో పన్నెండు మంది. కొందరు ఆఫీసువారు, కొందరు ఇరుగుపొరుగువారు. డబ్బు పందెం లేదు. ఓడిన పదకొండు మంది కలిసి గెలిచినవాడి ఇంటిల్లిపాదికీ భోజనం పెట్టాలి, అంతే. అయితే వారిది ప్రతి ఏడాది కొత్తగా మొదలయ్యే ఆట కాదు. ఒకసారి తీసుకున్న ఆటగాడిని ఎన్నేళ్లయినా అట్టేపెట్టుకోవచ్చు. ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఈ పద్ధతి వల్లనే పెయ్యల బేరం వస్తుంది. ఈ సంవత్సరం పాలు ఇచ్చేది కావాలా, మూడేళ్ల తరువాత ఇచ్చేది కావాలా అని ప్రతివాడూ తేల్చుకోవాలి.

పొలంలో ఎదిగే కుర్రాళ్లు

రైతు కుటుంబాలకు నచ్చే మాట ఒకటుంది. పై జట్ల కింద కుర్రాళ్లను పెంచే చిన్న జట్ల ఏర్పాటును అమెరికావారు ఫార్మ్ అంటారు. అంటే పొలమే. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ అనే ఆయన ఈ పద్ధతిని స్థిరపరచాడు. పేరున్నవారిని డబ్బు పోసి కొనే స్తోమత తన జట్టుకు లేదు. కాబట్టి నారు తామే పోసుకుని, తామే పెంచుకోవాలని అనుకున్నాడు. ఇప్పుడు ప్రతి పెద్ద జట్టు కింద నాలుగు మెట్ల చిన్న జట్లున్నాయి. సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని వాటి పేర్లు. 2021 నుండి ఇవన్నీ కలిపి 120. కొత్తగా చేరినవారికి ఇంకా కింద వేరే జట్లున్నాయి. ఆ మెట్లన్నీ ఎక్కినవాడే పైకి వస్తాడు. చాలామంది మధ్యలోనే ఆగి, వేరే బ్రతుకుతెరువు చూసుకుంటారు.

ఈ మెట్ల మీద ఉండి, పైకి వస్తాడని అందరూ ఎదురుచూసే కుర్రాడిని ప్రాస్పెక్ట్ అంటారు. బేస్‌బాల్ అమెరికా అనే పత్రిక 1990 నుండి ప్రతి ఏటా అలాంటి వంద మంది పేర్లు వరుసగా అచ్చువేస్తున్నది. ఫ్యాంటసీ ఆడేవారికి ఆ జాబితా అంటే మన ఇళ్లలో ఒకప్పటి పదో తరగతి ఫలితాల పేపరు లాంటిదే. పేరు ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుంటారు.

ఆ జాబితాను ఎంతవరకు నమ్మవచ్చు? 2012 జాబితాలో మొదటి పేరు బ్రైస్ హార్పర్, రెండోది మాట్ మూర్, మూడోది మైక్ ట్రౌట్. హార్పర్ 2015లోనూ 2021లోనూ తన లీగులో అత్యుత్తమ ఆటగాడిగా బహుమతి పొందాడు. ట్రౌట్ 2014, 2016, 2019లలో మూడు సార్లు పొందాడు. మధ్యనున్న మాట్ మూర్ 2013లో 17 ఆటలు గెలిచి, మరుసటి ఏడే మోచేతికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ తరువాత చాలాకాలం ఆడినా, మొదట అందరూ అనుకున్న ఎత్తుకు చేరలేదు. ముగ్గురినీ చూసినవారు నిపుణులే. ముగ్గురి గురించీ చెప్పింది అబద్ధం కాదు. అయినా మోచేతి లోపల ఏముందో కాగితానికి తెలియదు కదా.

ఇంకో వింత వినండి. ఆ ట్రౌట్‌ను 2009లో జట్లు కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు అతనికంటే ముందు 24 మందిని పిలిచారు. 1988లో మైక్ పియాజాను అరవై రెండో విడతలో, 1390వ వాడిగా పిలిచారు. అతడు 2016లో ఆ ఆటలోని మహామహుల వరుసలో చేరాడు.

అమ్మినవాడు ఏడ్చినవి, కొన్నవాడు ఏడ్చినవి

కాగితం మీదనే కాదు, నిజమైన జట్లు కూడా ఇవే బేరాలు చేస్తాయి. మా వాడు చెప్పిన వాటిలో కొన్ని మాకు బాగా గుర్తుండిపోయాయి.

1987 ఆగస్టులో డెట్రాయిట్ జట్టుకు ఆ సంవత్సరమే గెలవాలని ఉంది. అట్లాంటా నుండి డోయల్ అలెగ్జాండర్ అనే 36 ఏళ్ల పిచ్చర్‌ను తెచ్చుకున్నారు. బదులుగా జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడిని ఇచ్చారు. అలెగ్జాండర్ వచ్చి తొమ్మిది ఆటలు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ తన విభాగంలో మొదటి స్థానం సాధించింది. స్మోల్ట్జ్ అట్లాంటాకు ఇరవై ఏళ్లు ఆడి 2015లో మహామహుల వరుసలో చేరాడు. ఇక ఈ బేరంలో ఎవరు నష్టపోయారంటారు? అందరూ డెట్రాయిట్ అంటారు. కానీ ఆ సంవత్సరం వారి ఇంట్లో పాలు ఉన్నాయి కదా!

1990 ఆగస్టు చివర బోస్టన్ వారు లారీ ఆండర్సన్ అనే పిచ్చర్ కోసం జెఫ్ బాగ్వెల్ అనే కుర్రాడిని హ్యూస్టన్‌కు ఇచ్చారు. ఆండర్సన్ బోస్టన్‌కు ఆడింది 15 ఆటలు. బాగ్వెల్ హ్యూస్టన్‌కు 15 ఏళ్లు ఆడి 449 హోమ్‌రన్లు కొట్టాడు. 2016 జూన్‌లో షికాగో వైట్ సాక్స్ వారు జేమ్స్ షీల్డ్స్ అనే పిచ్చర్ కోసం ఇద్దరు కుర్రాళ్లను శాన్ డియెగోకు ఇచ్చారు. వారిలో ఒకడు ఫెర్నాండో టాటిస్ జూనియర్. అప్పటికి వాడికి 17 ఏళ్లు. తరువాత వాడే శాన్ డియెగోకు పెద్ద ఆటగాడయ్యాడు.

ఇవి విన్నాక పెయ్యలను తెచ్చుకోవడమే తెలివి అనిపిస్తుంది. ఆగండి. 2007 డిసెంబరులో ఫ్లోరిడా జట్టువారు మిగేల్ కాబ్రెరాను, ఇంకొకరిని ఇచ్చి డెట్రాయిట్ నుండి ఆరుగురు యువకులను తెచ్చుకున్నారు. అందులో ఇద్దరు అప్పట్లో పేరు మోసిన ప్రాస్పెక్టులు. ఆ ఆరుగురిలో ఒక్కరూ ఫ్లోరిడాలో అనుకున్నంతగా ఎదగలేదు. కాబ్రెరా 2012లోనూ 2013లోనూ తన లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

గెలిచిన బేరాల కథలు పదేపదే చెప్పుకుంటారు. పైకి రాకుండా పోయిన కుర్రాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. అందుకే పెయ్యల బేరం ఎప్పుడూ ఉన్నదానికంటే లాభంగా కనిపిస్తుంది.

కుమార్ అనే పేరు

మా వాడు తీసుకోవాలనుకున్న కుర్రాడి పేరు కుమార్ రాకర్. పేరు వినగానే మాకూ ఆసక్తి కలిగింది. అతని తల్లి లలిత గారు భారత సంతతి కుటుంబంలో పుట్టినవారు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, శిక్షకుడు. కుమార్ 2019 జూన్‌లో, పందొమ్మిదేళ్ల వయసులో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున డ్యూక్ విశ్వవిద్యాలయం మీద విసిరిన ఆట ఆ దేశమంతా చెప్పుకున్నారు. ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. 19 మందిని బ్యాటు పట్టుకుని ఉండగానే వెనక్కి పంపాడు.

2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని పదోవాడిగా పిలిచింది. అరవై లక్షల డాలర్లకు మాట కూడా అయింది. తీరా వైద్య పరీక్షలు చూశాక, వారు సంతకం చేయలేదు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, దేశమంతా చూస్తుండగా, ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లాడు. మరుసటి సంవత్సరం ఏ పెద్ద జట్టుకూ చెందని ఒక చిన్న జట్టులో చేరి మళ్లీ విసరడం మొదలుపెట్టాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ వారు అతన్ని మూడోవాడిగా పిలిచారు. అంటే మా వాడి ఊరి జట్టే.

"మన పేరున్న కుర్రాడు, మన ఊరి జట్టు. ఒక్క రెండేళ్లు ఆగితే చాలు బాబాయ్" అన్నాడు మా వాడు. బదులుగా ఇవ్వాల్సింది ఏడాదికి పదిహేను ఆటలు గెలిచే పేరున్న పిచ్చర్‌ను. మేము సంత జ్ఞానంతో, "ఈ ఏడు నువ్వు గెలిచే స్థితిలో ఉన్నావా?" అని అడిగాము. "ఉన్నాను, పోయిన ఏడు రెండో స్థానం" అన్నాడు. "మరి పాలిచ్చే గేదెను ఎందుకు ఇస్తావు?" అన్నాము. వాడికి ఆ మాట రుచించలేదు. వారం తిరక్కుండా బేరం అయిపోయింది.

మే నెలలో ఫోన్ వచ్చింది. కుమార్ హికరీ అనే ఊరి హై-ఎ జట్టుకు ఆరు ఆటలు ఆడాడట. మోచేతి నరం తెగిందట. శస్త్రచికిత్స చేయాలట.

ఆ శస్త్రచికిత్సకు టామీ జాన్ అని ఒక ఆటగాడి పేరే ఉంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి అతనికే చేశారు. శరీరంలో ఇంకొకచోటి నుండి స్నాయువును తీసి, మోచేతి ఎముకల మధ్య కడతారు. టామీ జాన్ 1976లో మళ్లీ మైదానంలోకి వచ్చి, 1989 వరకు ఆడి, ఆ తరువాతి కాలంలోనే 164 ఆటలు గెలిచాడు. కాబట్టి దారి మూసుకుపోయినట్టు కాదు. కానీ ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. తిరిగి వచ్చేవారూ ఉంటారు, రానివారూ ఉంటారు.

మా వాడు ఫోనులో కుమార్ మోచెయ్యి గురించి ఒక్క మాటా అనలేదు. తన జట్టు గురించే మాట్లాడాడు. "పాడైన సరుకు నా నెత్తిన పడింది బాబాయ్. పనికిరాని సరుకు" అన్నాడు. ఆ మాట మాకు బాగా అనిపించలేదు. దూరం నుండి ఏమంటాము, ఊరుకున్నాము. అలా ఊరుకోవడం మా తప్పే.

పిల్లవాడు దాచిన నొప్పి

ఆ మాట ఆ ఇంట్లో ఇంకొకరు విన్నారు. మా వాడి కొడుకు. అప్పటికి పదకొండేళ్లు. వాడు కూడా తమ వీధి పిల్లల జట్టులో పిచ్చర్. తండ్రికి వాడంటే ప్రాణం. శనివారం ఆటకు వెళ్లి, ఎన్ని బంతులు ఎంత వేగంగా వేశాడో పుస్తకంలో రాసుకునేవాడు. "వీడు పెద్ద ప్రాస్పెక్ట్" అని వచ్చినవారందరికీ చెప్పుకునేవాడు. మురిపెంతో అన్న మాటే అది.

జూన్‌లో ఒక రాత్రి కోడలు పిల్లవాడికి చొక్కా మారుస్తూ చూసింది. కుడి మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాడు. ఎన్నాళ్లనుంచి అని అడిగితే నేల చూపులు చూశాడు. నెల దాటిందట. "ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంటే, "చెబితే నేను కూడా పాడైపోయినట్టే కదమ్మా, నాన్న నన్ను ఇంక చూడటానికి రాడు" అన్నాడట.

కోడలు మాకు ఫోన్ చేసి, "చిన్నమామయ్యగారూ, ఆయనకు మీరు చెప్పండి, నేను చెబితే దెబ్బలాట అవుతుంది" అని ఏడ్చింది. మేము చెప్పవలసిన అవసరం రాలేదు. మా వాడు గుమ్మం అవతల నిలబడి అంతా విన్నాడు.

మరునాడు డాక్టరు చూసి, ఎముక చివర ఇంకా పెరుగుతున్న చోట దెబ్బ తగిలిందని, మూడు నెలలు బంతి ముట్టుకోవద్దని చెప్పారు. పిల్లలకు అక్కడ నియమాలు లేకపోలేదు. లిటిల్ లీగ్ అనే సంస్థ 2007 నుండి బంతుల లెక్క పెట్టింది. 11, 12 ఏళ్ల పిల్లవాడు రోజుకు 85 బంతులకు మించి వేయకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఆ లెక్క ఆట జరిగే చోట పాటించారు. ఇంటి వెనుక సాయంత్రాలు తండ్రి వేయించిన బంతులు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ వారం మా వాడు ఫోన్ చేసినప్పుడు ఆట మాట ఎత్తలేదు. చివర్లో మాత్రం, "ఆ కుమార్‌కు కూడా ఒక అమ్మ ఉంది కదా పిన్నీ. ఆవిడ ఆ రోజు ఏమనుకుందో" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనలేదు. మేమూ అడగలేదు.

బేరానికి కూర్చునేవారికి

మీ పిల్లలో బంధువులో ఈ ఆట ఆడుతూ ఉంటే, మేము మా వాడి వద్ద, సంతలోనూ నేర్చుకున్న నాలుగు మాటలు వారికి చెప్పండి.

మొదటిది, కుర్రాడిని చూడకముందు మీ కొట్టం చూసుకోండి. ఈ ఏడు గెలిచే అవకాశం ఉన్నవాడు పాలిచ్చేదాన్ని ఇవ్వకూడదు. ఏడాది సగం గడిచేసరికి అట్టడుగున ఉన్నవాడికి మాత్రం పెద్ద ఆటగాడు ఉండి ఏమి లాభం? అతన్ని ఇచ్చి ఇద్దరు కుర్రాళ్లను తెచ్చుకోవడం తెలివైన పనే. ఒకే బేరం ఒకరికి మంచిది, ఇంకొకరికి చెడ్డది.

రెండవది, వయసును మెట్టుతో కలిపి చూడండి. 19 ఏళ్లవాడు డబుల్-ఎలో తనకంటే నాలుగైదేళ్లు పెద్దవారి మధ్య ఓ మాదిరిగా ఆడినా అది గొప్పే. 24 ఏళ్లవాడు కింది మెట్టులో చిన్నవారి మీద ఎన్ని పరుగులు కొట్టినా అంత నమ్మరాదు. ఐదో తరగతి పిల్లవాడు ఏడో తరగతి లెక్కలు చేయడం, ఏడో తరగతి పిల్లవాడు ఐదో తరగతి లెక్కలు చేయడం ఒకటి కాదు కదా.

మూడవది, బ్యాటు పట్టినవాడికీ బంతి విసిరేవాడికీ ఒకే ధర కట్టవద్దు. విసిరే చెయ్యి ఎప్పుడు తెగుతుందో తెలియదు. అందుకే పిచ్చర్ ప్రాస్పెక్ట్ కోసం పెద్ద ఆటగాడిని ఒంటరిగా ఇవ్వకూడదు. తీసుకున్న కుర్రాడు పైకి వచ్చేదాకా మీ జట్టులో ఒక చోటును ఊరికే ఆక్రమిస్తాడు. ఆ మేత ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. అసలు రాకపోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వాలి.

నాలుగవది, మీకు తెలిసిన లోపాన్ని ఎదుటివాడికి చెప్పి ఇవ్వండి. సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవారు కూడా, కుంటి గొడ్డును మంచిదని అంటగట్టినవాడిని మళ్లీ నమ్మరు. పన్నెండు మంది స్నేహితుల ఆటలో ఒక గెలుపు కంటే పదేళ్ల స్నేహం విలువైనది.

డబ్బు సంగతి కూడా ఒక మాట. 2006 నాటి అమెరికా చట్టం జూదపు చెల్లింపులను ఆపినప్పుడు ఫ్యాంటసీ ఆటలను కొన్ని షరతులతో విడిచిపెట్టింది. అందుచేత అక్కడ డబ్బుతో ఆడేవారు చాలామంది. మన వద్ద ఈ ఆట క్రికెట్ రూపంలో సెల్‌ఫోనుల్లోకి వచ్చి ఎన్ని ఇళ్లను అప్పులపాలు చేసిందో మీకు మేము చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టమే చేసింది. భోజనం పందెంగా ఆడుకునే మా వాడికే ఒక కుర్రాడు సరుకుగా కనిపించాడంటే, ఇంటి బియ్యం డబ్బులు పెట్టినవాడికి ఎలా కనిపిస్తాడో ఊహించండి.

చివరికి ఏమైంది

2024 వేసవికి ముందు గుంపులో ఒకాయన కుమార్‌ను చవకగా అడిగాడట. మా వాడు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. కొడుకే, "వద్దు నాన్నా, ఆయన చెయ్యి బాగయ్యేదాకా ఉంచు" అన్నాడట. ఉంచాడు.

2024 సెప్టెంబరు 12 రాత్రి, మనకు 13 ఉదయం, కుమార్ రాకర్ సియాటిల్‌లో మొదటిసారి పై స్థాయి మైదానంలో అడుగుపెట్టాడు. తండ్రీకొడుకులు పడుకోకుండా టీవీ ముందు కూర్చున్నారట. మేము అప్పుడే టిఫిను చేస్తున్నాము. ఫోనులో పిల్లవాడే మాట్లాడాడు. "తాతయ్యా, ఏడుగురిని అవుట్ చేశాడు! చెయ్యి నొప్పి లేదు!" అన్నాడు. వాడికి గుర్తున్నది ఆ రెండో మాటే.

లెక్క ప్రకారం చూస్తే మా వాడి బేరం నష్టమే. ఇచ్చేసిన పెద్ద పిచ్చర్ ఆ రెండేళ్లూ బాగానే ఆడాడు. కుమార్ 2025లో కూడా కుదురుగా నిలవలేకపోయాడు. మా వాడు ఇంతవరకు ఒక్క భోజనమూ గెలవలేదు. ప్రతి ఏటా ఇంకొకరికి పెడుతూనే ఉన్నాడు. ఓపికకు ఫలితం తప్పకుండా వస్తుందని మేము మీకు చెప్పము. వచ్చినవీ చూశాము, రానివీ చూశాము.

కానీ ఇంటి వెనుక బంతుల పుస్తకం మూతపడింది. పిల్లవాడు ఇప్పటికీ ఆడుతున్నాడు. మధ్యలో విసరడం మానుకుని, బ్యాటు పట్టి, మళ్లీ కొద్దికొద్దిగా విసురుతున్నాడు. నొప్పి వస్తే ఆ రోజే చెబుతున్నాడట. తండ్రి శనివారం మైదానానికి వెళ్తున్నాడు. చేతిలో పుస్తకం లేకుండా వెళ్తున్నాడు.

పెయ్యను కొనేవాడు దాని తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందో అడగవచ్చు. కాగితం మీద ఆటగాడిని కొనేవాడు వరుసలో ఎన్నోవాడో చూడవచ్చు. అది ఆట. మన ఇళ్లలో పదో తరగతి, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన నోటి నుండి కూడా అటువంటి మాటలే వస్తుంటాయి. "వీడి మీద ఇంత పెట్టాము" అంటాము. ఆ మాట అన్నప్పుడు గుమ్మం వెనుక ఎవరు నిలబడి వింటున్నారో ఒక్కసారి చూసుకుందాము.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము. మీ ఇళ్ల సంగతులు మాకు రాస్తూ ఉండండి.